లౌడ్‌స్పీకర్లో చిన్నత్తయ్య

మామగారికి చూపు ఒక్కసారిగా పోలేదు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ముందు బోర్డుల మీద అక్షరాలు పోయాయి, తర్వాత మనుషుల ముఖాలు పోయాయి, చివరికి వెలుగూ నీడా మిగిలాయి. అన్నిటికీ ఆయన అలవాటు పడ్డారు. గడ్డం తనే గీసుకునేవారు. టీ తనే కలుపుకునేవారు. లిఫ్టు తలుపు తెరుచుకోగానే చెప్పుల చప్పుడు విని వచ్చిందెవరో చెప్పేసేవారు. ఒక్కదానికే అలవాటు పడలేకపోయారు. గుర్రప్పందాల రోజు వచ్చిందంటే బాల్కనీలో కుర్చీ వేసుకుని, మధ్యాహ్నమంతా మోకాళ్ళు ఆడిస్తూ కూర్చునేవారు.

ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవు దొరికితే ఆయన కాళ్ళు రేసుకోర్సు వైపే నడిచేవి. అలాగని ఏనాడూ పందెం కాయలేదు. "పందెం కాసినవాడు తన జేబుని చూసుకుంటాడు. ఇక గుర్రాన్నెవడు చూస్తాడు?" అనేవారు.

కోడలు వీధి చివర లాండ్రీ నడిపేది. రేసులు జరిగే పూటే లాండ్రీకి సెలవు. ఒకరోజు ఇస్త్రీ చేసిన దుప్పట్లు మడతపెడుతూ ఆ మోకాళ్ళ వైపు చూసి చూసి, ఇక ఉండబట్టలేక అంది:

"లేవండి మామయ్యా, వెళ్దాం."

"వెళ్ళి ఏం చూస్తానే తల్లీ?"

"నేను చూస్తాను. మీరు వినండి."

"వినడానికి అక్కడ లౌడ్‌స్పీకరు లేకనా? దాంట్లో ఒకాయన నంబర్లు చదువుతాడు, పరీక్ష మార్కులు చదివినట్టు. గుర్రం ఎలా పరిగెడుతోందో ఒక్క ముక్క చెప్పడు."

"నేను చెప్తానుగా!" అంది కోడలు. ఆమె అప్పటిదాకా గుర్రాన్ని చూసింది క్యాలెండర్లోనే.

మొదటిరోజు వ్యవహారం పూర్తిగా బెడిసికొట్టింది. మైదానం అంచున ఇనప కమ్మీ పట్టుకుని మామగారు నిలబడ్డారు. పక్కన కోడలు. గుర్రాలు బయల్దేరాయి.

"ఒకటి ముందుంది మామయ్యా!"

"ఏది?"

"గోధుమరంగుది!"

"దాని వెనక?"

"అదీ గోధుమరంగే!"

"మిగతావి?"

"అన్నీ అదే రంగు మామయ్యా, ఒకే బకెట్లో నానబెట్టినట్టున్నాయి!"

మామగారు నవ్వలేదు, కోప్పడలేదు. "తల్లీ, రద్దీలో బస్సు నడిపేటప్పుడు నేను బళ్ళని చూసేవాణ్ణి కాదు. నడిపేవాళ్ళ బుద్ధిని చూసేవాణ్ణి. వీడు సందు దొరికితే దూరతాడు, వీడు భయస్తుడు, వీడికి దారి ఇవ్వకపోతే ఏడుస్తాడు అని. గుర్రాలూ అంతే. ముందు వాటి నడక చూసి రా" అన్నారు.

పరుగుకి ముందు గుర్రాల్ని గుండ్రంగా నడిపించే ఆవరణ ఒకటుంది. తర్వాతి పందెం గుర్రాల కోసం కోడలు ఆ కంచె దగ్గరికెళ్ళి నిలబడింది. నిలబడిన కాసేపటికే ఆమెకి నవ్వొచ్చింది. ఒంటినిండా బూడిదరంగు చుక్కలున్న గుర్రం తలవంచుకుని ఏదో ఆలోచిస్తూ నడుస్తోంది. అచ్చం లాండ్రీకి వారంవారం సిరా మరకల చొక్కాలు తెచ్చే లెక్కల మాస్టారులా. ఇంకోటి, నల్లది, నాలుగడుగులు చకచకా వేసి ఆగి పక్కకి చూస్తోంది. లిఫ్టులు బాగుచేసే తన భర్త వీధిలో నడిచేదీ ఇలాగే. కనిపించిన ప్రతి మెట్ల దారీ చూడాలి ఆయనకి. అప్పుడొచ్చింది ఒక ఎర్రటి ఆడగుర్రం. నాలుగు కాళ్ళకీ తెల్లటి మేజోళ్ళు తొడిగినట్టు మచ్చలు. గడ్డం పైకి, చూపు కిందికి. దారిలో ఎవరున్నా వాళ్ళే తప్పుకోవాలన్న నడక.

కోడలు మామగారి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "మామయ్యా! చిన్నత్తయ్య పరిగెడుతోంది!"

చిన్నత్తయ్య అంటే మామగారి మరదలు, పోయిన అత్తగారి చెల్లెలు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. "వార్డులో అరవైమంది మగాళ్ళని చూశాక ఇంకోణ్ణి ఇంటికి తెచ్చుకోవాలా?" అనేది. అక్క పోయాక వీళ్ళ ఎదురు ఫ్లాటులోకి దిగింది. అప్పట్నించి రెండు ఇళ్ళలోనూ కిటికీలు ఎప్పుడు తెరవాలో ఆవిడే చెప్పాలి.

మామగారు కమ్మీ మీద చరిచారు. "నా మరదలే? ఎన్నో నంబరు? అయితే చెప్పు, చెప్పు!"

ఇక ఆరోజు నుంచి ఆ ఇద్దరికీ పగ్గాలు లేవు. కోడలికి నంబర్లతో పనిలేదు, రైలంత పొడుగున్న గుర్రాల అసలు పేర్లతోనూ పనిలేదు. "మాస్టారు కమ్మీ పట్టుకుని పోతున్నారు మామయ్యా, మా ఆయన మంచి సందు దొరికితే దూరకుండా ఆకాశం చూస్తున్నాడు, చిన్నత్తయ్య బయటినుంచి వస్తోంది, ఎవర్నీ లెక్కచెయ్యట్లేదు, మోచేత్తో పొడిచేసింది!" అంటూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. మామగారు లేని స్టీరింగు తిప్పుతూ, లేని బ్రేకు తొక్కుతూ, "ఇప్పుడే వద్దు, ఇప్పుడే వద్దు... ఇప్పుడు తీసుకో!" అని అరిచేవారు. చుట్టుపక్కల వాళ్ళు ముందు చెవులు రిక్కించారు, తర్వాత జరిగారు, ఆ తర్వాత వాళ్ళిద్దరి కోసమే అక్కడికి రావడం మొదలెట్టారు. ఒక ముసలాయనైతే "మీ ఆయన ఈ వారం ఉన్నాడామ్మా?" అని ఎంతో ఆపేక్షగా అడిగేవాడు.

ఇంట్లో మాత్రం పచ్చటి చోట గాలి పీల్చుకోవడానికి వెళ్తున్నామని చెప్పేవారు. "గడ్డి ఉందా లేదా? గాలి ఉందా లేదా? ఇందులో అబద్ధమేముంది?" అనేవారు మామగారు. చిన్నత్తయ్యకి తెలిస్తే ఊరుకోదు మరి. జూదగాళ్ళు వార్డులోకి ఎలా వస్తారో, ఎలా పోతారో ఆవిడ కళ్ళారా చూసింది. పందెం అన్నమాట వింటేనే డెట్టాలు సీసా వెతుక్కునే రకం.

కానీ నర్సు దగ్గర గొంతు దాచడం ఎవరి తరం? వారంవారం ఆ పచ్చటి చోటి నుంచి వచ్చిన ఇద్దరికీ గొంతులు బొంగురు పోయి ఉంటున్నాయి. ఒకరోజు చిన్నత్తయ్య టార్చి వేసి బావగారి నోట్లోకి చూసింది. జలుబు లేదు, వాపు లేదు. "గాలి పీల్చుకుంటే గొంతెందుకు పోతుంది బావా?" అంది. "గాలి... జోరుగా ఉంటోంది" అన్నారాయన. ఆవిడ టార్చి ఆర్పేసి, మందేమీ ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. మందివ్వలేదంటే ఏదో అవుతుందని కోడలు అప్పుడే అనుకోవాల్సింది.

ఆ మరుసటి వారం రేసుకోర్సులో మైకు దగ్గర నంబర్లు చదివే ఆయనకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

మొదటి పందెంలో ఒకటీ అరా వచ్చాయి. రెండో పందేనికి, "ముందు ఐదో నం... హిక్... బరు, దాని వెనక హిక్, క్షమించాలి, హిక్" అని మైదానమంతా మోగింది. జనం ఒక్కో ఎక్కిలికీ చప్పట్లు కొట్టడం మొదలెట్టారు. ఎక్కిళ్ళకి బెదిరి ఒక గుర్రం అడ్డం తిరిగింది. నీళ్ళు తాగించారు, పంచదార మింగించారు, వీపు మీద బాదారు. పోవడం మాట దేవుడెరుగు, ఎక్కిళ్ళ మధ్య ఎడం ఇంకా తగ్గింది.

ఆఖరి పందెం అన్నిటికంటే పెద్దది. దానికి ముందు కోటు వేసుకున్న నిర్వాహకుడొకాయన చెమటలు కక్కుతూ కమ్మీ దగ్గరికొచ్చాడు. వారంవారం ఇక్కడ గుంపు ఎందుకు చేరుతోందో ఆయనకి తెలుసు.

"అమ్మా, ఈ ఒక్క పందెం మీరు మైకులో చెప్పాలి."

"నేనా? మైకులోనా?" కోడలు మామగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మామయ్యా, నేను చెప్పేది మీకే. ఇంతమందికి ఎలా చెప్తాను?"

"నాకే చెప్పు తల్లీ. నేను ఇక్కడే ఉంటాను. మిగతావాళ్ళు పక్కనుంచి వింటారు, ఇప్పుడు వినట్లేదా?"

"నంబర్లు మాత్రమే చెప్పండమ్మా. నంబర్లు మాత్రమే" అన్నాడు కోటాయన, ఆమెని మెట్లెక్కిస్తూ.

సరిగ్గా అప్పుడే చిన్నత్తయ్య రేసుకోర్సు గేటు ముందు రిక్షా దిగింది. పచ్చటి చోటంటే పార్కేననుకుని వెళ్ళి, అక్కడ బెంచీలన్నీ వెతికి, తోటమాలిని నిలదీసి, చివరికి బావగారి పాత స్నేహితుడొకడి నోరు తెరిపించి మరీ వచ్చింది. చేతిలో నల్లటి హ్యాండ్‌బ్యాగు. ముఖంలో నిప్పులు.

పైన గదిలో కోడలు మైకు ముందు కూర్చుంది. కింద మైదానం ఆకుపచ్చ దుప్పటి పరిచినట్టుంది. దూరంగా గుర్రాలు బయల్దేరే గేటు, ఇనప అరల వరస. గొంతు సవరించుకుంది. "ఏడో నంబరు లోపలికి వెళ్ళింది. నాలుగో నంబరు వెళ్ళింది." కోటాయన తృప్తిగా తలూపాడు. "రెండో నంబరు..."

రెండో నంబరు వెళ్ళలేదు. ఎర్రటి ఆడగుర్రం నాలుగు తెల్లకాళ్ళూ నేలలో పాతేసి, గడ్డం పైకెత్తి నిలబడింది.

"రెండో నంబరు వెళ్ళనంటోంది మామయ్యా! అయ్యో, చిన్నత్తయ్యకి కోపమొచ్చేసింది!"

టిక్కెట్లు చూసే తిరుగుడు గేటు దగ్గర చిన్నత్తయ్య కొయ్యబారిపోయింది. ఆ గొంతు ఎవరిదో ఆవిడకి తెలీదా?

"చిన్నత్తయ్య గేటు దగ్గర మొండికేసింది! వెనకాల క్యూ అంతా ఆగిపోయింది! ఇద్దరు మనుషులు వెనకనుంచి తోస్తున్నారు!"

చిన్నత్తయ్య వెనక్కి తిరిగి చూసింది. నిజంగానే ఇద్దరు. "నడవండమ్మా, పందెం మొదలవుతోంది" అంటూ తోస్తున్నారు.

"చెవులు వెనక్కి పెట్టింది... ఒకణ్ణి కాలితో తన్నబోయింది... ఆఁ, వెళ్ళింది! చిన్నత్తయ్య లోపలికి వెళ్ళింది! తలుపు మూసేశారు!"

తిరుగుడు గేటు ఆవిడ వెనక ఠంగున మూసుకుంది.

గుర్రాలు బయల్దేరాయి. కోటాయన "నంబర్లు! నంబర్లు!" అని నెత్తి బాదుకుంటున్నాడు. ఆమెకి అది వినపడితేగా! కమ్మీ దగ్గర నిలబడ్డ తెల్లచొక్కా మనిషి ఒక్కడే కనిపిస్తున్నాడు ఆమెకి. ఆ మనిషి చెవికి చెప్తోంది. "మాస్టారు ముందుకి దూకారు, పొద్దున్నే గంట మోగినట్టు! మా ఆయన... మా ఆయన ఇంకా బయల్దేరడం గురించి ఆలోచిస్తున్నాడు!" మైదానం గొల్లుమంది.

చిన్నత్తయ్య జనాన్ని చీల్చుకుంటూ కమ్మీ దగ్గరికొచ్చింది.

"బావా!"

"ఎవరూ, మరదలా? మంచి టైముకి వచ్చావు. నువ్వు ఆరో స్థానంలో ఉన్నావు."

"సిగ్గు లేదూ? గుడ్డి గుర్రానికి పళ్ళు తోమే పనులు నువ్వూ, నీ కోడలూ..."

"గుడ్డివాణ్ణి నేను. గుర్రానికి కళ్ళు బాగానే ఉన్నాయి. కాసేపు మాట్లాడకు, నువ్వు మలుపు తిరుగుతున్నావు."

"నేను మలుపు తిరగడమేంటి?"

"చిన్నత్తయ్య మలుపులో బయటికి వచ్చింది!" అంది లౌడ్‌స్పీకరు. "అడ్డమొచ్చిన వాళ్ళని కిటికీలు తెరవమన్నట్టు చూస్తోంది! ఒకరు తప్పుకున్నారు! ఇంకొకరు తప్పుకున్నారు! నాలుగో స్థానం!"

చిన్నత్తయ్య తల తిప్పి చూసింది. చుట్టూ ఊరూపేరూ తెలియని మనుషులు టోపీలు ఊపుతూ "చిన్నత్తయ్యా! రా చిన్నత్తయ్యా!" అని అరుస్తున్నారు. వార్డులో ఇన్నేళ్ళు పనిచేసింది, లేవమన్నా, పడుకోమన్నా, మందు మింగమన్నా అందరూ భయపడి చేశారే గానీ ఆవిడ్ని రమ్మని ఇంత ఆశగా పిలిచినవాడు ఒక్కడు లేడు.

"ముందెవరున్నారు?" అంది, తగ్గు గొంతుతో.

"మాస్టారు. సిరా మరకలాయన."

"ఆయనా? గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాని మనిషి! ఆయన ముందు, నేను వెనకానా?"

ఇక ఆవిడ బావగారి వైపు తిరగలేదు. హ్యాండ్‌బ్యాగు కమ్మీ మీద దబదబా బాదుతూ, "కాళ్ళు ఎత్తి వెయ్యి! తల దించకు! ఊపిరి తీసుకో, ఊపిరి!" అని అరవడం మొదలెట్టింది.

"మా ఆయన నిద్రలేచాడు!" కోడలు కుర్చీలోంచి లేచి నిలబడింది. "వస్తున్నాడు, వస్తున్నాడు, కానీ చిన్నత్తయ్యని దాటలేకపోతున్నాడు, ఇంట్లోనూ దాటలేడు, ఇక్కడా దాటలేడు! చిన్నత్తయ్య మూడు! చిన్నత్తయ్య రెండు! మాస్టారి పక్కకి వచ్చేసింది మామయ్యా! మాస్టారు ఓరగా చూశారు! భుజం భుజం! ముక్కూ ముక్కూ! లాగు చిన్నత్తయ్యా, లాగు, నా తల్లే, నా బంగారమే, లాగూ..."

ఆపైన లౌడ్‌స్పీకర్లో వచ్చింది మాట కాదు, ఒట్టి కేక. మైదానమంతా అదే కేక. మామగారు లేని స్టీరింగుని రెండు చేతులా తిప్పేసి పక్కనున్న ముసలాయన టోపీ ఎగరగొట్టారు.

ఫోటో తీసి చూశారు. ముక్కు తేడాతో గెలిచింది మాస్టారు. చిన్నత్తయ్య రెండు.

అసలు చిన్నత్తయ్య అప్పటికే మెట్లెక్కేస్తోంది. తలుపు తోసుకుని గదిలోకి వచ్చింది. మూలన మైకాయన ఇంకా గుండె పట్టుకుని ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

"ఇక్కడ ఫలితాలు చెప్పేదెవరు?"

"నే... హిక్... నండి."

"నోరు మూసి ఊపిరి బిగబట్టండి!" అంది. అరవైమంది రోగులున్న వార్డుని ఒక్కమాటతో నిద్రపుచ్చిన గొంతు అది. మైకాయన బిగుసుకుపోయాడు. ఎక్కిళ్ళు మళ్ళీ రాలేదు. ఆయన చాలాసేపు ఊపిరి వదలడానికి కూడా జంకాడు.

కోటాయన అప్పటికి కోడలికి చెప్పాల్సిన చీవాట్లన్నీ వరసగా పేర్చుకుని ఉన్నాడు. మధ్యలో ఈవిడ్ని చూసి, "ఎవరమ్మా మీరు?" అన్నాడు.

"చిన్నత్తయ్యని."

ఆయన ముందు పెదాలు బిగించాడు. తర్వాత గోడకి జారబడ్డాడు. తర్వాత కోటు అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, నవ్వలేక నవ్వలేక నేలమీద కూర్చుండిపోయాడు. చీవాట్లు ఏమయ్యాయో ఆయనకే తెలీదు.

"ఫోటో చూపించండి" అంది చిన్నత్తయ్య. చూపించారు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఎక్స్‌రే చూసినట్టు కిటికీ వెలుగుకి పట్టి చూసింది. "ఇది అన్యాయం. మాస్టారు మెడ చాచారు. నేను మర్యాదగా పరిగెత్తాను."

కోడలు తల వంచుకుని, "తప్పయిపోయింది చిన్నత్తయ్యా, గుర్రానికి మీ పేరు..." అంటూ నసిగింది.

"పేరు సంగతి ఇంటికెళ్ళాక చూద్దాం. ముందు ఇది చెప్పు, ఆ గేటు దగ్గర నన్ను తోసిన ఇద్దరూ ఎవరు?"

తిరుగు బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కుని కూర్చున్నారు. మామగారు కిటికీ పక్క, నవ్వు ఆపుకుంటూ. రెండు స్టాపులదాకా చిన్నత్తయ్య హ్యాండ్‌బ్యాగుకి పడ్డ గీతలు తుడుచుకుంటూ కూర్చుంది. మూడో స్టాపులో అంది, "పందెం కాశారా మీరు?"

"ఏనాడూ లేదు. మీ అక్క మీద ఒట్టు" అన్నారు మామగారు.

"ఊఁ." ఇంకో స్టాపు గడిచింది. "మళ్ళీ ఎప్పుడు పరిగెడతాను?"

రాత్రి భోజనాల దగ్గర కొడుకు చేతికంటిన గ్రీజు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. చిన్నత్తయ్య అతని కంచంలో ఒక గరిటె ఎక్కువ వడ్డించి, "ఇంతకీ మీ ఆయన ఎన్నోవాడు వచ్చాడే?" అని కోడల్ని అడిగింది.

"మూడు."

"పరవాలేదు. పుంజుకుంటున్నాడు."

"ఎవరు? నేనా? ఎక్కడ?" అన్నాడు అతను. మామగారికి పొలమారింది. కోడలు వంటింట్లోకి పరిగెత్తింది. ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు, చెప్పబోయినప్పుడల్లా ఎవరో ఒకరు పగలబడి నవ్వడంతో. చివరికి విషయం తెలియకుండానే అతనూ నవ్వడం మొదలెట్టాడు.

మరుసటి వారం ముగ్గురూ వెళ్ళారు. కోటాయన మైకు దగ్గరికి మళ్ళీ పిలవలేదు. పిలిచినా లాభం లేకపోయేది, కోడలి గొంతు పూర్తిగా పోయింది, పిల్లి కూతంత కూడా రావట్లేదు. ఎర్రగుర్రానికి ఆ వారం విశ్రాంతి. కమ్మీ దగ్గర ఎప్పటి గుంపు ఎదురుచూస్తోంది. గుర్రాలు గేటులోకి వెళ్తున్నాయి, మామగారి మోకాళ్ళు ఆడుతున్నాయి, చెప్పేవాళ్ళు లేరు.

"దానికేముంది? నేను చెప్తాను" అని చిన్నత్తయ్య హ్యాండ్‌బ్యాగు కోడలి చేతికిచ్చి, కళ్ళద్దాలు తుడుచుకుంది. గేటు తెరుచుకుంది.

"ఒకటో నంబరు పరిస్థితి నిలకడగా ఉంది, బావా."

"ముందుందా, వెనకుందా?"

"తొందరపడకు, వరసగా చూస్తూ వస్తున్నాను. మూడో నంబరు నీరసంగా ఉంది, రాత్రి నిద్రపోయినట్టు లేదు. నాలుగో నంబరుకి ఆశ లేదు, బంధువులకి కబురు పెట్టడం మంచిది."

చుట్టూ ఉన్నవాళ్ళు కమ్మీ మీద వాలిపోయి నవ్వుతున్నారు. కోడలు గొంతులేని నవ్వుతో పొట్ట పట్టుకుని గడ్డిలో కూర్చుండిపోయింది.

"ఐదో నంబరు, ఐదో నంబరు... ఇదేంటి, ఇప్పటిదాకా మంచంలో ఉన్న మనిషి..." చిన్నత్తయ్య గొంతు పైకి లేచింది. "లేచి కూర్చుంది బావా! మంచం దిగింది! వరండాలో నడుస్తోంది, పరిగెడుతోంది, నర్సులు ఆపలేకపోతున్నారు!"

"బయటినుంచి తీసుకోమను!" మామగారు స్టీరింగు తిప్పేశారు.

"తీసుకుంది! రెండో నంబరుని దాటింది! ఒకటో నంబరు నిలకడ పోయింది! అదిగో, అదిగో, ద్వారం దగ్గరికి వచ్చేసింది..." ఆవిడ రెండు చేతులూ గాల్లోకెత్తి, మైదానం అదిరేలా అరిచింది:

"డిశ్చార్జి!"